కొసోడు ఓడిపోలేదు

అమెరికా ఫుట్‌బాల్‌ను నేను ఒక్కసారి కూడా మైదానంలో చూడలేదు. ఆ కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో ముట్టుకోలేదు. అయినా చాలా ఏళ్ళు దాని మీదే బతికాను. మా రాప్తాడులో ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు గనక, అడిగినవాళ్ళకు మనిషికో అబద్ధం చెప్పేవాణ్ణి. మా అత్తగారితో అయితే, అమెరికా సైన్యానికి దొంగల జాడలు తీసిపెడుతున్నానని చెప్పాను. ఆమె ఊరంతా చాటింది. ఆ తర్వాత ఎవరి గొర్రె తప్పిపోయినా నేరుగా మా ఇంటికే వచ్చేవారు. రెండు గొర్రెల్ని కనిపెట్టి ఇచ్చాను కూడా. అందులో ఒకటి మా పెరట్లోనే దొరికింది, అది వేరే సంగతి.

తెరలకేసి చూసి చూసి కళ్ళు మండుతుంటే డాక్టరు ఇక చాలన్నాడు. విరమణ వయసు రాకముందే విరమించుకున్నాను. ఈ మధ్య మన పిల్లలు చాలామంది ఇలాంటి ఉద్యోగాల్లో చేరుతున్నారు. ఎక్కడో జరిగిన ఆటల వీడియోలు చూసి, ఎవడేం చేశాడో గుర్తులు పెట్టే పని. చేరేముందు నన్నడిగేది జీతం గురించీ, సెలవుల గురించీ. అవి ఎవరైనా చెబుతారు. పని ఏమిటో నేను చెబుతాను.

ఒక్క హెచ్చరిక. ఎండ గురించి, గొర్రెల గురించి, మా మేనమామ గురించి నేను చెప్పేవి సగానికి కోసుకుని చదవండి. ఆట గురించి చెప్పేవి కోయనక్కరలేదు.

మిద్దె మీద గది

అనంతపురంలో, పాత మార్కెట్ వెనక సందులో, ఒక నూనె అంగడి మీద మా గది. కింద వేరుశనగ నూనె వాసన, పైన కంప్యూటర్ల వేడి. వేసవిలో గోడ మీద బల్లి కూడా దిగివచ్చి ఫ్యాన్ కింద కూర్చునేది. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. బెంగళూరు కంపెనీ ఒకటి అమెరికా జట్ల దగ్గర పని ఒప్పుకుని, అందులో కొంత మాకు పంపేది. ఒక జట్టు వచ్చే ఆదివారం ఎవరితో ఆడబోతుందో, ఆ ప్రత్యర్థి పాత ఆటలన్నీ మాకొచ్చేవి. ప్రతి ఎత్తులో, అంటే బంతి కదిలిన ప్రతిసారీ, ప్రతి మనిషీ ఏం చేశాడో మేం బటన్లు నొక్కి గుర్తుపెట్టాలి. చివర ఒక నివేదిక. ఆ నివేదిక చూసి అక్కడి కోచ్‌లు తమ వ్యూహం వేసుకుంటారు.

మా గదిని నడిపేది రాఘవేంద్ర సార్. బెంగళూరులో పని నేర్చుకుని వచ్చిన మనిషి. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, ఎప్పుడూ ఆందోళన. ఉద్యోగాలకు ఎవర్ని తీసుకోవాలని ఆలోచించి, కబడ్డీ ఆడినవాళ్ళను తీసుకున్నాడు. "ఇంగ్లీషు నేర్పొచ్చప్పా. ఒంటిని చదివే కన్ను నేర్పలేం" అనేవాడు. అందులో ఆయన తప్పు లేదు. నేను జిల్లా జట్టులో ఆడి, బడిలో వ్యాయామం చెప్పి విసిగినవాణ్ణి. కణేకల్ మస్తాన్ కూతకు వెళితే తూనీగ లాగా తిరిగివచ్చే రైడరు. బత్తలపల్లె రూతు మహిళల జట్టులో మూలన నిలబడి, వచ్చినవాళ్ళ కాళ్ళు పట్టి పడేసే కార్నర్. ఇంకా కొందరుండేవారు గానీ ఈ కథకు మేం చాలు.

రూతు సంగతి కొంచెం చెప్పాలి. భర్త లారీ మీద ఏ రాష్ట్రంలో ఉంటాడో ఆయనకే తెలియదు. తల్లికి పక్షవాతం. పొద్దున తల్లికి చేయాల్సినవన్నీ చేసి బస్సెక్కేది, సాయంత్రం బస్సుకు తిరిగిపోయేది. కరెంటు కోతలు పడలేక అనంతపురం గది ఎత్తేసి అందర్నీ బెంగళూరు తెచ్చుకుందామని పెద్ద ఆఫీసులో అప్పటికే అనుకుంటున్నారు. ఒక్క సాకు దొరికితే చాలు. మస్తాన్‌కైతే బెంగళూరు అంటే పండగే. రూతుకు బెంగళూరు అంటే ఉద్యోగం పోయినట్టే. ఆ తల్లిని కదిలించలేదు, వదిలి పోలేదు.

కొసోడు ఎవరు

ఆట తెలియనివాళ్ళకు ఒక్క ముక్కలో చెబుతాను. బంతి కదిలే చోట ఐదుగురు కొండల్లాంటి మనుషులు వరసగా వంగి నిలబడతారు. అది గోడ. గోడ వెనక బంతి విసిరేవాడు. ఎదుటి జట్టువాళ్ళు గోడ దాటి వాడి మీద పడాలని చూస్తారు. దూరంగా, అంచుల్లో, చురుకైనవాళ్ళు నిలబడి పరిగెత్తి బంతి పట్టుకుంటారు. గోడవాళ్ళు బంతి పట్టరు. పరుగువాళ్ళు గోడ కట్టరు.

ఈ ఇద్దరికీ మధ్య, గోడ కొసన ఆనుకుని ఒకడు నిలబడతాడు. వాణ్ణి టైట్ ఎండ్ అంటారు. మేం కొసోడు అనేవాళ్ళం. వాడు గోడలో రాయిలా ఉండి మీదికొచ్చేవాణ్ణి ఆపాలి. పని పడితే ఆ రాయే లేచి పరిగెత్తి బంతి పట్టాలి.

తొంభైల చివరి నాటి టేపుల నుంచి చూసుకుంటూ వస్తే కొసోడి బతుకు మారుతుండటం మా కళ్ళముందే కనిపించేది. అంతకుముందు ఎక్కువగా తోయడమే వాడి పని. తర్వాత వచ్చినవాళ్ళలో కొందరు కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడినవాళ్ళు. వీపు అడ్డం పెట్టి, ఎగిరి, అందరి తలల మీద బంతి అందుకునేవాళ్ళు. వాడి మీదికి పొట్టివాణ్ణి పంపితే ఎత్తు చాలదు, పెద్దవాణ్ణి పంపితే పరుగు చాలదు. దాంతో కోచ్‌లు కొసోణ్ణి గోడ నుంచి విడదీసి దూరంగా పరుగువాళ్ళ పక్కన నిలబెట్టడం మొదలుపెట్టారు. టీవీలో అదే పొగిడేవారు.

నా అభిప్రాయం వేరు. దూరంగా నిలబడిన కొసోడు సగం కొసోడే. వాడు పరిగెత్తుతాడని ఎదుటివాడికి ముందే తెలిసిపోతుంది. గోడ పక్కన వంగి, నేల మీద చెయ్యి ఆనించి ఉన్నవాడే భయపెట్టేవాడు. తోస్తాడా, పోతాడా? ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడానికే వాడికి జీతం. కాబట్టి ఈ పనిలోకి వచ్చేవాళ్ళు బంతిని చూడటం మానండి. బంతిని మొత్తం ప్రపంచం చూస్తూనే ఉంటుంది. మీరు కొసోడి కాళ్ళు చూడండి.

కాళ్ళు చూడటం నాకు నేర్పింది మా మేనమామ నరసింహులు. ఆయనా కార్నరే. ఒక జాతర పోటీలో ఆయన రైడరు చీలమండ పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే విజిల్ వేసే పెద్దమనిషి వడదెబ్బకు పడిపోయాడు. విజిల్ వినపడలేదు గనక మామ కాలు వదల్లేదు. ఆ రైడరుకు మర్నాడు ధర్మవరంలో పెళ్ళిచూపులు. మామ కాలు పట్టుకునే బస్సెక్కాడు. పిల్ల తరఫువాళ్ళు ఇద్దరికీ కాఫీ ఇచ్చారట. మామ ఒక మాట అనేవాడు, అది మాత్రం కోయకండి: "ముందుకు పెట్టిన కాలు సూసి మోసపోవద్దురా. బరువు యా కాలి మీద ఉండాదో సూడు."

రెండే బటన్లు

రాఘవేంద్ర సార్‌కు ఒక నియమం ఉండేది. కొసోడు ఎదుటివాణ్ణి ఆపితే "నిలిచాడు" బటన్. ఎదుటివాడు దాటిపోతే "ఓడాడు" బటన్. మూడోది లేదు. చేరిన కొత్తల్లోనే రూతు మూడో బటన్ అడిగింది.

"సార్, కొన్నిసార్లు వాడు నిలవనూ లేదు, ఓడనూ లేదు. అది యాడ నొక్కాల?"

"దాటినాడా లేదా?"

"దాటినాడు గానీ..."

"గానీ వద్దమ్మా. ఆలోచించేదానికి అమెరికాలో కోచులుండారు. మనం సూసింది నొక్కాల. ఒకసారి ఆలోచన మొదలైతే మనిషికో నివేదిక వస్తాది."

ఈ మాటలో కొంత న్యాయం ఉంది. పదిమంది పది రకాలుగా ఆలోచించి నొక్కితే ఆ లెక్క ఎవరికీ పనికిరాదు. కానీ మాలాంటివాళ్ళ చేతిలో ఆ నియమం ప్రమాదకరమని ఆయనకూ తట్టలేదు, మాకూ తట్టలేదు. కబడ్డీలో మస్తాన్‌లాంటి రైడరు కంటికి దాటినవాడే గెలిచినవాడు, దాటనిచ్చినవాడు చచ్చినవాడు. గీత అవతలికి పోయాడంటే కథ అయిపోయినట్టే. ఆ తర్వాత పట్టేవాడు ఏం చేస్తున్నాడని రైడరు తిరిగి చూడడు. మస్తాన్ అమెరికా ఆటనూ అలాగే చూశాడు. ఎదుటివాడు కొసోణ్ణి దాటగానే "ఓడాడు" నొక్కి తర్వాతి ఎత్తుకు పోయేవాడు.

శనివారం

మాకు పని ఇచ్చే జట్టుకు ఆ వారం గట్టి పోటీ. ఓడితే ఆ ఏడాదికి ఇంటికే. ఎదుటి జట్టు కొసోడు పేరున్నవాడు. మస్తాన్ లెక్క ప్రకారం అలాంటి పేరున్నవాడు ఈ మధ్య ఆటల్లో పదే పదే ఓడిపోతున్నాడు. మూడో ప్రయత్నంలో, అంటే ఆ ఎత్తు పారకపోతే బంతి వదులుకోవాల్సిన సమయంలో, మరీ ఎక్కువగా. కాబట్టి నివేదికలో ముఖ్యమైన వాక్యం ఇది: కొసోడు బలహీనంగా ఉన్నాడు, మీ వేగమైనవాణ్ణి వాడి వైపు నుంచే పంపండి. సార్ సంతకంతో శనివారం పొద్దున అది వెళ్ళిపోయింది. సాయంత్రం లోపల దానికి సాక్ష్యంగా వీడియో ముక్కలు పంపాలి. ఆ ముక్కలు కోసే పని రూతుది.

మధ్యాహ్నం దాటాక రూతు కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.

"ఓబులేసన్నా, ఈడికి రా."

వెళ్ళాను. తెర మీద కొసోడు. ఎదుటివాడు గుద్దుకున్నాడు, కొసోడు అర క్షణం ఆపాడు, పక్కకు తూలాడు, ఎదుటివాడు దాటిపోయాడు.

"ఓడినాడు" అన్నాను.

"తల సూడన్నా. ఓడినోడు యాడ సూస్తాడు?"

నిజంగా ఓడినవాడు తనను దాటినవాడి వెంట తిరుగుతాడు. చేత్తో అందుకోబోతాడు, కనీసం వెనక్కి చూస్తాడు. ఈ కొసోడు దాటినవాణ్ణి అసలు చూడలేదు. ఖాళీ అయిన చోటికి రెండడుగులు జరిగి, బంతి విసిరేవాడి వైపు తిరిగి, చేతులు విప్పాడు. బంతి ఇంకెవరికో పోయింది. అందుకే ఎవరూ వాణ్ణి గమనించలేదు.

"ఇంకోటి ఎయ్యి."

వేసింది. అదే. ఇంకోటి. అదే. మధ్యలో ఒకటి రెండు నిజమైన ఓటములు కూడా ఉన్నాయి. వాటిలో తల వెనక్కి తిరిగింది, బరువు తప్పి మడమల మీద పడ్డాడు. మిగతా వాటిలో బరువు ముందుకాలి మీదే నిలకడగా ఉంది.

మస్తాన్ వచ్చి నిలబడ్డాడు. "ఏమక్కా, నా లెక్క మీద పడితివి?"

"వాడు ఓడల్యా మస్తాన్. వదిలేసినాడు."

"వదిలేసేదేంది? దాటినోడు పోయి బంతి ఇసిరేటోని మీద పడ్తాండాడు కదా. సొంత మనిషిని తన్నించుకుంటాడా ఎవడైనా?"

"కబడ్డీలో మేం కార్నర్లు కాలు ముందుకి పెట్టి మీకి ఆశ సూపియ్యమా? రా రా, ముట్టుకో అని. నువ్వు ఆశపడి ఎన్నిసార్లు పడినావు నా చేతిలో?"

"నీ చేతిలో నేనెప్పుడు పడినానక్కా, అబద్దాలు..."

"నా చేతిలో కాకపోతే మీ కణేకల్‌లో ఎవురి చేతిలోనో పడింటావు. సూడు. దాటినోడు అంత దూరం పోతాడు. వాని తల మీద నుంచి బంతి ఈ ఖాళీలోకి వస్తే పట్టేదానికి ఎవరుండారు? కొసోడు తప్ప ఎవరూ లేరు. పెద్ద ఆట కోసరం దాచిపెట్టుకున్యారు దీన్ని."

మస్తాన్ ఒప్పుకోలేదు. సరే, చేసి చూద్దామని కుర్చీలు జరిపి నేను కొసోణ్ణయ్యాను. వాడు వేగంగా వచ్చి నన్ను గుద్దాడు. నేను వదిలేశాను. వాడు నేరుగా పోయి మంచినీళ్ళ కుండ మీద పడ్డాడు. నేను తిరిగి చేతులు విప్పితే రూతు రబ్బరు ముక్క విసిరింది, పట్టుకున్నాను. మస్తాన్ తడిసిన చొక్కాతో లేచి, "అల్లా" అన్నాడు.

ఇప్పుడు ఆలోచించండి. మా నివేదిక ఏం చెప్పింది? వేగమైనవాణ్ణి వాడి వైపే పంపండని. ఎదుటి జట్టు కోరుకునేది సరిగ్గా అదే. మేం మా సొంత జట్టును చేయిపట్టి ఉచ్చులోకి నడిపించాం.

సార్ మేజా దగ్గర

సార్ ముక్కలన్నీ చూశాడు. మూడుసార్లు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"మీరు చెప్పేది ఊహ."

"అవును సార్, ఊహే" అంది రూతు. "కానీ మనం రాసి పంపింది కూడా ఊహే."

"పంపేసినాక మార్చితే ఏమైతాదో తెల్సునా నీకు? నివేదిక తప్పని మనమే ఒప్పుకున్నట్ల. బెంగళూరోళ్ళు దీని కోసరమే కాచుకోనుండారు. సోమవారానికి ఈ గదికి తాళం పడ్తాది."

తాళం పడితే ఎక్కువ పోగొట్టుకునేది ఎవరో ఆ గదిలో అందరికీ తెలుసు. రూతు ముఖం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"గమ్మునుంటే?" అన్నాడు మస్తాన్. "మన వాక్యం వాళ్ళు సదువుతారో లేదో. మా నాయన నేను రాసిన జాబులే సదవడు."

"సదవకపోతే మంచిదే" అన్నాడు సార్. ఆ మాటలో ఆశ ఉంది.

ఆ ఆశ నాకూ ఉంది, దాచను. ఇలాంటి గదుల్లో ఎక్కువ నాశనం ఆ ఆశ వల్లే జరుగుతుంది. మనం రాసింది ఎవరూ చదవరులే అనుకున్న రోజు ఈ పని మానేసి గొర్రెలు కాసుకోవడం మేలు. గొర్రె కనీసం మనం చెప్పింది వినలేదని తెలిసేలా ప్రవర్తిస్తుంది.

రూతు నోరు తెరిచింది. "సార్, నేను బెంగళూరుకి రాలేను. మీకి తెల్సు. ఈ గది పోతే నేను మళ్ళా శెనక్కాయ కోతకే. అయినా చెప్పల్ల సార్. చెప్పకపోతే రేపట్నించి నేను ఏ బటన్ నొక్కినా నాకే నమ్మకం ఉండదు. మీరు చెప్పకపోతే నేను చెప్తా. ఇంగ్లీషు తప్పులొచ్చినా పరవాల్యా."

"నువ్వు చెప్పేదేంది" అన్నాడు సార్ కోపంగా. లేచాడు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద సందులో ఎవరో నూనె డబ్బాలు బండికెత్తుతున్నారు. ఆ చప్పుడు ఒకటే వినపడుతోంది. ఆయన అలాగే నిలబడ్డాడు. రూతు బస్సుకు పోయే వేళయింది. పోలేదు. అటువైపు అమెరికాలో తెల్లారుతున్న సమయం.

సార్ తిరిగి వచ్చి, ఫోను తన ముందుకు లాక్కున్నాడు.

అవతల ఎత్తిన మనిషి పేరు గ్యారీ. ఆ జట్టు కోచ్‌లకు వీడియోలు సిద్ధం చేసే అధికారి. సార్ ఫోను స్పీకరులో పెట్టాడు. మాటలన్నీ ఇంగ్లీషులోనే. సార్ నివేదికలోని ఆ వాక్యం తప్పని చెప్పి, కొసోడి తల గురించి, బరువు గురించి, ఖాళీ గురించి వివరించాడు. రూతు పక్కనుంచి చేత్తో చూపిస్తుంటే అవే మాటల్లో పెట్టాడు.

గ్యారీ అడిగాడు: "అది ఓటమి అని నిర్ణయించింది ఎవరు?"

మస్తాన్ ముఖం పాలిపోయింది.

"నేను" అన్నాడు సార్. "నా నియమం. రెండే బటన్లు పెట్టింది నేను."

"మీ మనుషులు ముందే చెప్పలేదా?"

"మూడోది కావాలని అడిగారు. నేను వద్దన్నాను."

"ఇంకేమీ పంపకండి" అని గ్యారీ ఫోను పెట్టేశాడు.

ఆ మాటకు అర్థం ఏమిటో మాకు తెలియలేదు. ఈ రోజుకు పంపవద్దనా, ఎప్పటికీ పంపవద్దనా? సార్ ఫోను కేసి చూస్తూ కూర్చున్నాడు. "బస్సుకు పో రూతు" అన్నాడు చివరికి. "మస్తాన్, ఆ నీళ్ళు తుడువు."

టేపు వచ్చిన రోజు

ఆట మేం నేరుగా చూసే వీలు లేదు. ఫలితం తెలుసుకుందామంటే సార్ వద్దన్నాడు. తెలిస్తే చూసే కన్ను చెడుతుందట. ఇది మాత్రం మంచి నియమం, మీరూ పాటించండి. మంగళవారం ఆ ఆట వీడియో రావడం మొదలైంది. అంటే మాతో పని ఇంకా పూర్తిగా తెగలేదన్నమాట. లేదా ఆపమని ఎవరూ చెప్పక దానంతటదే వస్తోందన్నమాట. ఆ రోజుల్లో మా ఇంటర్నెట్టు ఎండాకాలపు పెన్నానది. సగం దిగేసరికి కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యి కుయ్యిమని అరుస్తోంది. మస్తాన్ మిగతా కంప్యూటర్లన్నీ ఆపేసి, ఫ్యాను కూడా దానికి అంటించి ఉంటే పీకేసేవాడే. చెమటలు కారుతూ మేం ఆ ఒక్క తెర ముందు కూర్చున్నాం. అది ఎలాగో దిగింది.

మొదటి సగంలోనే మూడో ప్రయత్నం వచ్చింది. కొసోడు గోడ పక్కన వంగాడు. మా జట్టు వేగమైనవాడు వాడి ఎదురుగా ఉన్నాడు. బంతి కదిలింది. గుద్దుకున్నారు. కొసోడు వదిలేశాడు. మావాడు ఆశగా దూసుకుపోయాడు. బంతి వాడి తల మీదుగా లేచి కొసోడి చేతుల్లో పడింది. కొసోడి ముందు మైదానం అంతా ఖాళీ. పరిగెత్తాడు, పరిగెత్తాడు, గీతకు చాలా దగ్గరగా పోయి ఆగాడు.

"వినలేదు సార్ వాళ్ళు" అన్నాను.

రూతు అంది: "మన ఊహ నిజమైంది కదన్నా." సంతోషించాలో ఏడవాలో తెలియని గొంతు.

రెండో సగం చివర్లో ఇంకో మూడో ప్రయత్నం. యూపీఎస్ అరుపు వేగం పెరిగింది. కొసోడు మళ్ళీ అక్కడే వంగాడు. ఎదురుగా అదే మనిషి. బంతి కదిలింది. గుద్దుకున్నారు. కొసోడు వదిలేశాడు. మావాడు రెండడుగులు వేశాడు. ఆగాడు. తిరిగాడు. కొసోడు చేతులు విప్పి తిరిగేసరికి మావాడి ఛాతీ వాడి ముక్కుకు ఆనుతోంది.

"పట్టుకో, పట్టుకో!" అని మస్తాన్ తెరకు అరిచాడు.

బంతి విసిరేవాడు ఆ చోటికే చూశాడు. చోటు లేదు. ఇంకెక్కడ విసరాలో వెతికే లోపల మిగతావాళ్ళు గోడ దాటి వాణ్ణి నేలకు తొక్కారు. అప్పుడే తెర నల్లబడింది. ఆట చివరికి ఎవరు గెలిచారో కరెంటు వచ్చాక తెలిసింది. మావాళ్ళే, కొద్ది తేడాతో. కానీ ఆ గదిలో మేం అంతవరకు ఆగలేదు. చీకట్లో రూతు రెండు చేతుల్తో ముఖం మూసుకుంది. మస్తాన్ నన్ను ఎత్తి తిప్పాడు. నా బరువు గురించి నేనేం చెప్పినా మీరు సగానికి కోస్తారు గనక చెప్పను.

సార్ ఫోను మోగింది. బెంగళూరు. ఆయన మెట్ల మీదికి వెళ్ళి మాట్లాడి చాలాసేపటికి వచ్చాడు.

"గది ఉంటాది" అన్నాడు. "ఆటలో ఒక దెబ్బ తిన్యాక మన మాట నమ్మినారంట. మూడో బటన్ పెట్టమన్నారు. ఏం పేరు పెడ్తారో మీరే అనుకోండి."

మాకు ఆ ఆనందంలో ఇంకేమీ తట్టలేదు. రూతుకే తట్టింది. "మరి మీరు సార్?"

"తప్పు నివేదికకు ఎవరో ఒకరు జవాబు చెప్పల్ల కదమ్మా. బెంగళూరులో ఆసుపత్రి బిల్లులు టైపు చేసే సెక్షన్ ఒకటుండాది. అక్కడికి రమ్మన్నారు. మంచిదే. ఈ ఆట సూసి సూసి నాకు కండ్లు నొస్తాండాయి."

నా వృత్తి జీవితంలో చాలామంది పైవాళ్ళను చూశాను. తెలివైనవాళ్ళున్నారు, మంచివాళ్ళున్నారు. రాఘవేంద్ర సార్ తెలివి విషయంలో నేను పెద్దగా వాదించను, ఆయన నియమాల్లో సగం తప్పులే. కానీ మీదికి వస్తున్నవాడికి తానే ఎదురు నిలబడి వెనకవాళ్ళకు దారి ఇచ్చినవాణ్ణి ఇంకొకణ్ణి చూడలేదు.

వారం తర్వాత ఆయన్ను బస్టాండులో బెంగళూరు బస్సెక్కించడానికి ముగ్గురమూ వెళ్ళాం. చేతిలో ఒకటే సంచి. రూతు అడగనే అడిగింది.

"ఎందుకు సార్ మొత్తం మీ మీద ఏసుకున్యారు? లెక్కపెట్టింది మస్తాన్. ముందే గట్టిగా పోట్లాడనిది నేను. ఇంత మంది ఉంటిమి."

సార్ కిటికీ పక్కన సీటులో సర్దుకుంటూ, తేలిగ్గా అన్నాడు: "మీకి ఈ ఊరు గావాలమ్మా. నాకేం? బెంగళూరులో నాకు సొంతిల్లుండాది."

బస్సు కదిలింది.

ఆయనకు బెంగళూరులో ఇల్లు లేదు. భార్యా, చదువుకునే ఇద్దరు ఆడపిల్లలూ అనంతపురంలోనే, మా గదికి రెండు సందుల అవతల కాపురం ఉన్నారు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. తిరిగి నడిచి వస్తూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.